స్టిక్కుకీ రెక్కకీ మధ్య ఏముంది?

ప్రశ్న: సార్, నాకు 36 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. సంక్రాంతి సెలవులకి మా ఆవిడ, పాప, అత్తయ్యగారితో కలిసి ఢిల్లీ వెళ్దామని ఎయిర్‌బస్ విమానం టికెట్లు తీశాం. ఏ320. సూర్యుడి రేడియేషన్‌కి ఆ విమానాల కంప్యూటర్లు తప్పులు చేస్తున్నాయని, వేల విమానాలు ఆపి సరిచేశారని ఆ మధ్య వార్తల్లో వచ్చింది కదా. అప్పటి నుంచి చదవడం మొదలుపెట్టాను. పైలట్ చేతిలోని స్టిక్కుకీ రెక్కకీ మధ్య తాడు గానీ కడ్డీ గానీ లేదట, అంతా వైర్లూ కంప్యూటర్లేనట! మేం నెలల తరబడి టెస్ట్ చేసి పంపిన కోడే సోమవారం పొద్దున్నకి కూలబడుతుంది. గాల్లో అది హ్యాంగ్ అయితే పైలట్ ఏం చేస్తాడు? పాత పద్ధతిలో తాళ్లతో నడిచే విమానం చూసి బుక్ చేసుకోవడం నయమా? టికెట్లు క్యాన్సిల్ చేసి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కుదామంటే మా ఆవిడ మాట్లాడటం మానేసింది.
గచ్చిబౌలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: టికెట్లు క్యాన్సిల్ చేయకండి. ఆ మాట ముందు చెప్పేస్తే ఇంట్లో గొడవ సగం సద్దుమణుగుతుంది, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. విమానం ఎక్కేవాళ్లలో ఎక్కువమంది రెక్క విరుగుతుందేమో, ఇంజిన్ ఆగుతుందేమో అని బెంగపడతారు. మీది పని తెలిసినవాడి భయం. నేను బేగంపేటలో విమానాల ఎలక్ట్రానిక్స్ చూసే ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ కంప్యూటర్లు మొరాయిస్తే పాత డబ్బా లాగేసి కొత్తది పెట్టడం మాకు మామూలు పని. అవి పాడవుతాయి, ఇందులో దాపరికం ఏమీ లేదు. కాకపోతే వాటిని డిజైన్ చేసినవాళ్లు మీకంటే అనుమానం మనుషులు. ఏ కంప్యూటర్నీ, ఏ సెన్సర్నీ, ఆఖరికి తాము రాసిన కోడ్‌ని కూడా నమ్మకూడదు అన్న దగ్గరే వాళ్ల డిజైన్ మొదలైంది. మీ యాప్‌కీ దీనికీ ఉన్న తేడా అదే.

ముందు ఆ తాడు సంగతి. తాడు ఉంటే పైలట్ చేతి బలం నేరుగా రెక్కకి అందుతుందని మీ ఊహ. పెద్ద విమానాల్లో ఆ రోజులు ఎప్పుడో పోయాయి. బోయింగ్ 747 లాంటి పాత జంబోలో కూడా స్టీలు తాడు వెళ్లి కదిపేది ఒక హైడ్రాలిక్ వాల్వుని. వాల్వు తెరుచుకుంటే చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల ఒత్తిడితో నూనె వచ్చి రెక్క మీదో తోక మీదో కదిలే పలకని తోస్తుంది. మీ కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర. మీరు చదివిన ఈ వైర్ల పద్ధతిలో, అంటే ఫ్లై-బై-వైర్‌లో మారింది ఆ వాల్వు దాకా వెళ్లే కబురు మాత్రమే. అప్పుడు తాడు మోసేది, ఇప్పుడు వైరు మోస్తుంది. బలం మాత్రం అప్పుడూ ఇప్పుడూ నూనెదే. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ 232 అనే డీసీ-10 తోకలోని ఇంజిన్ పగిలి, మూడు హైడ్రాలిక్ వ్యవస్థల్లోనూ నూనె కారిపోయింది. అది తాళ్ల విమానమే. ఆ పూట తాళ్లు అక్కరకు రాలేదు. మిగిలిన రెండు ఇంజిన్ల శక్తి పెంచుతూ తగ్గిస్తూ సూ సిటీ దాకా ఎలాగో తెచ్చారు.

నిజంగా కండబలంతో నడిచే విమానమే కావాలంటే శంషాబాద్ నుంచి చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్-72 ఎక్కండి. అందులో ఎయిలెరాన్లు (రెక్క చివర ఉండి పక్కకి ఒరిగించే పలకలు), ఎలివేటర్లు (తోక దగ్గర ఉండి ముక్కుని లేపి దించే పలకలు) తాళ్లతో, కడ్డీలతో పైలట్ చేతి మీదే కదులుతాయి. చిన్న విమానం, వేగం తక్కువ, కాబట్టి చెల్లుతుంది. ఢిల్లీ దాకా తీసుకెళ్లమంటే కష్టం.

ఇక మధ్యలో ఉండేది బోయింగ్ 737. దాని తోకలో నిలువుగా నిలబడే పలకని మన ఆదిభట్లలోనే తయారుచేస్తున్నారు. అందులో తాళ్లున్నాయి, హైడ్రాలిక్ పోయినా గట్టిగా లాగి నడపొచ్చు. మీ లెక్క ప్రకారం అది ఏ320 కన్నా భద్రంగా ఉండాలి. కానీ అదే 737 కుటుంబంలోని మ్యాక్స్ విమానాలు 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో ఒకటి, 2019 మార్చిలో ఇథియోపియాలో ఒకటి కూలి 346 మంది పోయారు. ముక్కు అతిగా పైకి లేస్తే కిందికి దించమని ఎంక్యాస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ని అందులో పెట్టారు. అది ఒకే ఒక్క సెన్సర్ మాట విని పదే పదే ముక్కు దించింది. సరిచూసుకోవడానికి రెండో సాక్షిని అడగలేదు. తాడు ఉందా లేదా అన్న ప్రశ్నకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. ఒక్కదాని మాట నమ్మే డిజైన్ ప్రమాదం, అది తాళ్ల విమానంలో ఉన్నా వైర్ల విమానంలో ఉన్నా.

మీరు ఎక్కబోయే ఏ320 మొదటిసారి ఎగిరింది 1987 ఫిబ్రవరి 22న. వైర్ల మీద విమానం నడపడం అప్పటికే కొత్త కాదు. ధ్వని కన్నా వేగంగా ఎగిరిన కాంకార్డ్ విమానంలో వైర్లుండేవి, వెనక తాళ్లూ ఉండేవి. 1972లో నాసా వాళ్లు చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో కంప్యూటర్నే ఒక ఎఫ్-8 యుద్ధ విమానంలో బిగించి ఎగరేశారు. ప్రయాణికుల విమానాన్ని పూర్తిగా డిజిటల్ కంప్యూటర్ల చేతిలో పెట్టింది మాత్రం ఏ320తోనే. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి 1989లో వచ్చింది.

అప్పట్లో ఫిరోజ్‌గూడ శిక్షణ కేంద్రానికి వచ్చే పైలట్లు పాత బోయింగులు నడిపిన చేతులవాళ్లు. ఈ విమానంలో వాళ్లను తికమక పెట్టేది స్టిక్కే. సీటు పక్కన చిన్నగా ఉంటుంది, లోపల స్ప్రింగు తప్ప ఏ బరువూ చేతికి తెలియదు. అసలు తేడా అది అడిగేదాంట్లో ఉంది. పాత విమానంలో స్టిక్కు లాగితే ఎలివేటర్‌ని ఇంత పైకి లేపు అని అర్థం. ఇక్కడ లాగితే విమానానికి ఇంత జీ బలం, అంటే బరువుకి ఇన్ని రెట్ల తోపు, ఇవ్వు అని అర్థం. పక్కకి వంచితే సెకనుకి ఇన్ని డిగ్రీల చొప్పున ఒరుగు అని అర్థం, గరిష్ఠంగా 15 డిగ్రీలు. దానికి ఏ పలక ఎంత కదలాలో కంప్యూటర్లు వేగాన్ని, బరువుని, రెక్క వెనక దిగే ఫ్లాప్‌లు ఎంత తెరిచి ఉన్నాయో చూసి లెక్కకడతాయి. చేతులు వదిలేస్తే విమానం ఉన్న దారిలోనే పోతుంది. మధ్యలో గాలి తోస్తే అవే సర్దుతాయి. బోయింగ్ అలవాటుతో ఊరికే సర్దుతూ కూర్చునే పైలట్‌కి శిక్షకుడు చెప్పే మొదటి మాట, వదిలెయ్యండి సార్ అని.

ఇందులో నాకు భలే నచ్చే చిన్న పని ఒకటుంది. దిగేటప్పుడు 50 అడుగుల ఎత్తులో కంప్యూటర్లు ముక్కు కోణాన్ని గుర్తుపెట్టుకుంటాయి. 30 అడుగుల నుంచి కావాలనే మెల్లగా ముక్కు దించుతాయి. ఎందుకంటే చివర్లో స్టిక్కు వెనక్కి లాగి దించడం పైలట్లకి ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాటు. లాగాల్సిన అవసరం లేకపోతే చెయ్యి దారి తప్పుతుంది. మనిషి అలవాటు కోసం యంత్రం కాస్త నటించడం అన్నమాట.

ఇక మీ అసలు ప్రశ్న, హ్యాంగ్ అయితే? ఏ320లో ఈ పనికి ఏడు కంప్యూటర్లున్నాయి. ఎయిలెరాన్లు, ఎలివేటర్లు చూసే ఎలాక్‌లు రెండు. రెక్క పైన లేచే పలకల్ని, అంటే స్పాయిలర్లని చూస్తూ, అవసరమైతే ఎలివేటర్లనీ అందుకునే సెక్‌లు మూడు. తోకలో నిలువుగా ఉండి పక్కలకి కదిలే రడ్డర్ సంగతి చూసే ఫ్యాక్‌లు రెండు. మామూలుగా ఎలివేటర్లని నడిపేది రెండో ఎలాక్. అది పోతే మొదటి ఎలాక్ అందుకుంటుంది. రెండూ పోతే సెక్‌లు అందుకుంటాయి. పైలట్ చేయాల్సిందేమీ లేదు, ఒక్కటి పోతే చేతికి తేడా కూడా తెలియదు, స్క్రీన్ మీద ఫలానాది పోయింది అని సందేశం వస్తుంది. ఎలాక్‌లలో వాడిన ప్రాసెసర్ మోటరోలా కుటుంబానిది, సెక్‌లలో ఇంటెల్‌ది. ఒక చిప్‌లోనే పుట్టుకతో లోపం ఉంటే రెండు రకాలూ ఒకేసారి పడిపోకూడదని.

అంతటితో ఆగలేదు. ప్రతి డబ్బాలోనూ రెండు భాగాలు. ఒకటి ఆజ్ఞ ఇస్తుంది, రెండోది అదే లెక్కని విడిగా చేసి మొదటిదాన్ని కాపలా కాస్తుంది. రెండింటి జవాబూ కలవకపోతే ఆ కంప్యూటర్ ఎవరిది ఒప్పో తేల్చుకుంటూ కూర్చోదు, తనంతట తాను తప్పుకుంటుంది. ఆ రెండు భాగాల కోడ్ కూడా వేర్వేరు. ఎలాక్‌లో రెండు, సెక్‌లో రెండు, మొత్తం నాలుగు రకాల సాఫ్ట్‌వేర్. మీ ఆఫీసులో ఒకే ఫీచర్‌ని నాలుగు సార్లు నాలుగు రకాలుగా రాయించి, తేడా వస్తే తప్పుకోమనే మేనేజర్ ఎవరైనా ఉన్నారా? బడ్జెట్ ఒప్పుకోదు. ఇక్కడ ఒప్పుకోక తప్పదు. విమానాన్ని కూల్చగల వైఫల్యం వంద కోట్ల గంటల ప్రయాణంలో ఒకసారి కూడా జరగకూడదన్నది నియమం. ఈ స్థాయి కోడ్‌లో ప్రతి షరతూ విడిగా ఫలితాన్ని మార్చగలదని పరీక్ష చేసి చూపించాలి, కాగితం మీద పెట్టాలి. టెస్టర్ కాబట్టి ఆ పని ఎంత విసుగో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అయినా బగ్గులు దాటుకుని వస్తాయి. దాటొచ్చిన ఒకదాన్ని మీకోసమే చెబుతాను, మీ ఆఫీసులో కూడా చెప్పుకోండి. 2008 అక్టోబర్ 7న ఆస్ట్రేలియా సంస్థ క్వాంటస్ వారి ఏ330 అనే ఎయిర్‌బస్ విమానం సింగపూర్ నుంచి పెర్త్ వెళ్తోంది. ఎదురుగాలికి రెక్క ఏ కోణంలో ఉందో చెప్పే అంకెలు మూడు వేర్వేరు యూనిట్ల నుంచి వస్తాయి. వాటిలో ఒక యూనిట్ ఎత్తు అంకెకి కోణం అని పేరు తగిలించి పంపడం మొదలుపెట్టింది. ఇలాంటి పిచ్చి అంకె వస్తే పట్టించుకోకుండా 1.2 సెకన్ల పాటు అంతకుముందటి మంచి అంకెనే వాడుకో అని కోడ్‌లో ఉంది. మంచి జాగ్రత్తే. కానీ సరిగ్గా ఆ 1.2 సెకన్లు ముగిసే క్షణానికి ఇంకో పిచ్చి అంకె వచ్చి పడితే? ఆ కేసు ఎవరూ రాయలేదు. అది లోపలికి జారిపోయింది. విమానం పడిపోబోతోందనుకుని కంప్యూటర్లు ముక్కుని విసురుగా దించాయి, కాసేపటికి మళ్లీ అదే పని చేశాయి. వందమందికి పైగా గాయపడ్డారు, బెల్టు పెట్టుకోనివాళ్లు కప్పుకు వెళ్లి తగిలారు. పైలట్లు దగ్గర్లోని లియర్‌మంత్‌లో క్షేమంగా దించారు, ఎవరూ చనిపోలేదు.

మీరు చూసిన వార్త కూడా ఇదే జాతిది. 2025 అక్టోబర్ 30న మెక్సికోలోని కాన్‌కున్ నుంచి అమెరికా వస్తున్న ఒక జెట్‌బ్లూ ఏ320 ఉన్నట్టుండి ముక్కు దించింది. కొందరు గాయపడ్డారు, విమానాన్ని టాంపాలో దించారు. పైన గాలి పలచన, అంతరిక్షం నుంచి వచ్చే కణాలు మెమొరీ చిప్‌లో ఒక బిట్‌ని తలకిందులు చేయడం కొత్త సంగతేమీ కాదు, డిజైన్‌లోనే దానికి కాపుదల ఉంటుంది. ఒక ఎలాక్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌తో కలిసి ఆ కాపుదల సరిపోవడం లేదని తేలింది. నవంబర్ ఆఖర్లో దాదాపు 6,000 విమానాలకి ఆదేశం వెళ్లింది. మన దేశంలోనివి 300కు పైగా. చాలావాటికి చేసింది మీరు అర్ధరాత్రి కాల్‌లో కూర్చుని చేసేదే, పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం. మిగతావాటికి డబ్బాయే మార్చాల్సి వచ్చింది. ఒక్క విమానం వంకరగా కదిలితే ప్రపంచం మొత్తంలోని వాటిని, ఆదేశం వెళ్లాక వారం తిరక్కుండా, దాదాపు అన్నింటినీ సరిచేయించారు. నాకైతే ఇందులో భయం కన్నా ధైర్యమే కనిపిస్తుంది.

పొరపాటున కంప్యూటర్లు వరసగా పోతూ ఉంటే విమానం ఒక్కసారిగా చేతులెత్తేయదు, మెట్లు దిగుతుంది. అన్నీ బాగున్నప్పుడు 67 డిగ్రీలకి మించి ఒరగనివ్వదు, ముక్కు 30 డిగ్రీలకి మించి లేవనివ్వదు, రెక్క గాలి పట్టు కోల్పోయే దాకా రానివ్వదు. కొన్ని పోతే ఆ రక్షణల్లో కొన్ని పోతాయి, ముక్కుని లేపడం, దించడం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఇంకా పోతే స్టిక్కు పాత విమానంలోలాగా నేరుగా పలకల్ని కదుపుతుంది. ఏడూ పోయాయనుకుందాం. మీరు వెతుకుతున్న తాడు అప్పుడు బయటికొస్తుంది. ఏ320లో రడ్డర్ పెడళ్ల నుంచి, ముక్కు కోణాన్ని సర్దే ట్రిమ్ చక్రం నుంచి వెనక తోకదాకా మెకానికల్ సంబంధం ఉంచేశారు. వాటితో విమానాన్ని నిలబెట్టుకుని, పైనున్న ప్యానెల్ మీద కంప్యూటర్ల స్విచ్‌లు ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. మీ వృత్తిలో ఎప్పుడూ పనిచేసే వైద్యమే. కరెంటు ఎక్కడిదంటారా, రెండు ఇంజిన్ల జెనరేటర్లు, తోకలోని చిన్న ఇంజిన్‌ది, ఇవి పోతే బ్యాటరీలు, వాటికి తోడు పొట్ట కింద నుంచి గాలికి తిరిగే చిన్న ఫ్యాన్ ఒకటి బయటికి దిగుతుంది.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఎయిర్‌బస్‌లో రెండు స్టిక్కులూ కలిసి కదలవు. ఒకాయన లాగితే పక్కాయన చేతికి తెలియదు, ఇద్దరూ ఒకేసారి కదిపితే రెండూ కలిపి లెక్కేస్తుంది, మాటతో హెచ్చరిస్తుంది. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 అనే ఎయిర్‌బస్ విమానంలో వేగం కొలిచే గొట్టాల్లో మంచు చేరి అంకెలు పొంతన లేకుండా పోయాయి. ఏ అంకె నమ్మాలో తెలియక కంప్యూటర్లు ఆటోపైలట్‌నీ ఆ రక్షణలనీ వదిలేశాయి. నిజానికి అది చేయాల్సిన పనే. కానీ ఒక పైలట్ స్టిక్కు వెనక్కి లాగిపట్టుకున్నాడు, మిగతావాళ్లకి అది సరిగా తెలియలేదు. 228 మంది పోయారు. బోయింగ్ 777, 787 కూడా వైర్ల విమానాలే, కానీ ముందు స్టీరింగ్ లాంటి పెద్ద యోక్‌లు ఉంచి రెండింటినీ కలిపే కదిలేలా చేశారు. ఈ విషయంలో నా ఓటు బోయింగ్‌కే. ఎయిర్‌బస్ కూడా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్లాడే, ఈ ఒక్క సబ్జెక్ట్‌లోనే నాకు పేచీ.

1990 ఫిబ్రవరిలో బెంగళూరులో మన ఏ320 కూలి 92 మంది చనిపోయినప్పుడు కూడా, కంప్యూటర్ విమానం అని ఊరంతా ఒకటే గోల. ఆ రోజు ఇంజిన్లు పూర్తిగా తగ్గి ఉన్న పద్ధతిలో కిందికి వస్తున్నామని పైలట్లు ఆలస్యంగా గుర్తించారు. పలకలు మాత్రం అడిగినట్టే కదిలాయి. మీరు భయపడాల్సిన చోటు ఏదైనా ఉంటే అది వైరు కాదు, యంత్రం ఇప్పుడు ఏం చేస్తోందో మనిషికి అర్థం కాని ఆ కాసేపు. అందుకే పైలట్లని ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి చెమటలు పట్టిస్తారు.

రెక్క వెనక వరసల్లో కిటికీ సీటు తీసుకోండి. గేటు నుంచి వెనక్కి తోసేటప్పుడు నేల కింద నుంచి కుక్క మొరిగినట్టు ఒక చప్పుడు ఆగి ఆగి వస్తుంది. ఏ320లో అది ఒక హైడ్రాలిక్ వ్యవస్థ ఒత్తిడిని ఇంకోదానికి అందించే యూనిట్, రెండో ఇంజిన్ స్టార్ట్ చేయగానే తనని తాను పరీక్షించుకుంటుంది. అత్తయ్యగారు కంగారుపడకుండా ముందే చెప్పి ఉంచండి. రన్‌వే వైపు వెళ్తుండగా రెక్క చివర ఎయిలెరాన్ పైకీ కిందికీ పూర్తిగా కదులుతుంది, దానితోపాటు రెక్క పైన కొన్ని పలకలు లేచి పడుకుంటాయి. ముందు పైలట్ స్టిక్కుని నాలుగు దిక్కులకీ తిప్పి, స్క్రీన్ మీద ప్రతి పలకా మాట విందో లేదో చూస్తున్నాడని అర్థం. మా రోజుల్లో హ్యాంగర్‌లో ఇదే పరీక్షకి ఒకడు లోపల కూర్చుని స్టిక్కు తిప్పితే, ఇంకొకడు రెక్క కింద హెడ్‌సెట్ పెట్టుకుని ఎడమది పైకి, కుడిది కిందికి అని కేకలేసేవాడు. గాల్లోకి లేచాక గతుకుల్లో ఎయిలెరాన్ చిటికెడు చిటికెడు వణుకుతూ కనిపిస్తుంది. అప్పుడు పైలట్ చెయ్యి చాలావరకు స్టిక్కు మీద కూడా ఉండదు. దిగి చక్రాలు నేలకి తగలగానే రెక్క మీది పలకలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. రెక్క మోసే బరువుని చక్రాల మీద వేసి బ్రేకులు పట్టేలా చేయడానికి. పాపకి చూపించండి, బాగుంటుంది.

బెల్టు మాత్రం కూర్చున్నంతసేపూ పెట్టుకునే ఉండండి, లైటు ఆరినా సరే. పైన చెప్పిన క్వాంటస్, జెట్‌బ్లూ సంఘటనల నుంచి ప్రయాణికుడు పట్టుకెళ్లాల్సింది అదొక్కటే.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ గురించి. జనవరిలో ఉత్తరాదిన పొగమంచుకి రైళ్లు గంటల తరబడి ఆగిపోవడం మీకు తెలియంది కాదు. విమానమూ ఆలస్యం కావచ్చు, కాకపోతే రన్‌వే సరిగా కనపడని మంచులో కూడా ఏ320 తనంతట తాను దిగగలదు. ఆటోపైలట్ చెబితే పలకల్ని కదిపేది మీరు అనుమానిస్తున్న ఆ ఎలాక్‌లే. ఈ ముక్క ఇంట్లో ఇప్పుడే చెప్పకండి. ముందు టికెట్లు అలాగే ఉన్నాయని మీ ఆవిడకి చెప్పండి.